జోయెల్ సూదుల కార్డు

పొద్దున్నే ఇల్లంతా హడావుడి. కొత్వాల్‌గూడ అంగన్‌వాడీలో ఆ రోజు టీకాలు. తొమ్మిది నెలల కెజియాకు నీళ్లు పోసి, గౌను తొడిగి, వినీల బీరువా తెరిచింది. పిల్లల సూదుల కార్డులంటే ఆమెకు మహా పట్టింపు. పెళ్లి పట్టుచీర ఎక్కడుందో మరిచిపోతుందేమో గానీ, ఆ కార్డుల కవరు మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. అలాంటి మనిషి, నాలుగేళ్ల కొడుకు జోయెల్ డెంగీ జ్వరంతో పోయినప్పటి నుంచి దాన్ని ముట్టుకోలేకపోయింది.

కవరులో ఉండాల్సినవి రెండు కార్డులు. ఒక్కటే ఉంది. దాని మీద జోయెల్ పేరు!

"అత్తమ్మా! కెజియా కార్డేది? ఈ కవరు ఎవలన్న ముట్టిండ్రా?"

ఊడుస్తున్న సీతమ్మ చెయ్యి ఆగిపోయింది. "నేనే తీసిన బిడ్డా, పిల్లగాని కార్డు. వాన్ని పెట్టెల పండవెట్టినప్పుడు బట్టల కింద వెట్టిన."

సీతమ్మకు చదువు రాదు. రెండు కార్డులదీ ఒకటే రంగు. పెట్టెలోకి పోయింది కెజియా కార్డని వినీలకు అర్థమైంది. బతికున్న బిడ్డ పేరును పోయినవాడితో కలిపి మట్టిలో పెట్టేశారు కదా!

"ఎంత పని జేసినవ్ అత్తమ్మా! నాకు మిగిలింది ఇదొక్కతే. దీని పేరు సుత సమాధిల వెడ్తవా?" పాపను గుండెలకు హత్తుకుంది. "నాకు భయమైతుంది. ఇగ నేనీ ఇంట్ల ఉండ. కొత్తూరుకు, మా అమ్మోళ్లింటికి పోత."

ఎయిర్‌పోర్టులో డ్యూటీ దిగి అప్పుడే వచ్చిన భర్త బ్లెసన్ తన తల్లి మీద మండిపడ్డాడు. "ఏందమ్మా ఇది? ఆడ కార్డు ఎవలడుగుతరే?"

"నాకేం తెల్సురా!" సీతమ్మ బావురుమంది. "ఏ దవాఖానకు వోయినా నీ పెండ్లాం ముందుగాల కార్డే తీస్తుండె. అది సూసినంకనే డాక్టరు పిల్లగాన్ని సూస్తుండె. ఆడికి వాడొక్కడే వోతుండె గదరా. అమ్మ లేదు, నేను లేను. ఎవలన్న అడిగితె ఏం జెప్తడు నా తండ్రి? మా అమ్మ అన్ని సూదులు ఏపిచ్చిందని సూపెడ్తడనుకున్న."

ఆ మాటతో వినీల కోపమంతా నీరుగారిపోయింది. పాపను ఎత్తుకుని అంగన్‌వాడీకి బయలుదేరింది. వద్దంటుందేమోనని భయపడుతూనే సీతమ్మ వెనక నడిచింది. సూదులేసే మనీషా సిస్టర్ సంగతి విని రిజిస్టరు తెరిచింది. తర్వాత, "రిజిస్టర్ల అన్నీ ఉన్నయి, పరేషాన్ గాకు" అని కొత్త కార్డు రాసిచ్చి పాపకు సూదేసింది.

తిరిగొస్తుంటే దారిలో సీతమ్మ ఆగిపోయింది.

"బిడ్డా, వాని కార్డు ఇంట్లనే ఉండె. మరి వాడు ఉత్త చేతులతోనే వోయిండా?"

వినీల వెనక్కి వచ్చి అత్త చెయ్యి పట్టుకుంది. పొద్దున తనను భయపెట్టిన మాటే ఇప్పుడు తన నోటితోనే అంది.

"లేదత్తమ్మా. చెల్లె కార్డు వట్టుకపోయిండు. ఒక్కడే వోలేదు."

అత్తాకోడళ్లిద్దరూ ఒకరినొకరు పట్టుకుని నడిరోడ్డు మీదే ఏడ్చారు.