గడ్డి మీద గంటసేపు

పొద్దున్నే భర్త చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆవిడ ఆయనకు పిచ్చి లక్షణాలు బట్టీ పట్టిస్తోంది. నిద్ర పట్టడం లేదనాలి, చెవిలో ఎవరో పిలుస్తున్నారనాలి, చేతులు కాస్త వణికితే మరీ మంచిది. ఆయన బూట్లు తుడుచుకుంటూ అన్నీ విన్నాడు, ఒక్కటీ అప్పజెప్పలేదు.

చేసిన ఘనకార్యం అలాంటిది. ఇరవై ఆరేళ్లు సిటీ బస్సును చిన్న గీత కూడా పడకుండా నడిపిన మనిషి, పోయిన మంగళవారం పార్కు దగ్గర బస్సాపి, తాళం జేబులో వేసుకుని, ఇప్పుడే వస్తానని కండక్టరుతో చెప్పి దిగిపోయాడు. లోపల నలభైమంది తిట్టుకుంటుంటే, ఈయన గడ్డి మీద గంటసేపు కూర్చున్నాడు. డిపోవాళ్లు సస్పెండ్ చేసి, మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లమన్నారు. జబ్బని రాసిస్తే ఆఫీసులో కూర్చునే పని ఇస్తారట. బుర్ర బాగానే ఉందంటే మాత్రం ఉద్యోగం ఊడినట్టే. లోకం తీరు అలా ఏడ్చింది మరి!

జబ్బని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయిందని ఆవిడ నిలదీసింది.

"దిగాలనిపించింది, దిగాను. ఇన్నేళ్లలో నాకోసం నేను చేసింది అదొక్కటే," అన్నాడాయన. "దాన్ని కూడా పిచ్చి అనేస్తే ఇంక నాకేం మిగులుతుంది?"

ఆవిడకు ఒళ్లు మండిపోయింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది.

"నాకు మాత్రం దిగిపోవాలని ఉండదా? నేనూ పొయ్యి మీద కూర వదిలేసి పోయుంటే ఈ ఇల్లేమయ్యేది?"

ఆవిడకూ అలా ఉంటుందని ఆయనకు ఏనాడూ తోచలేదు. సిగ్గుపడ్డాడు. సరే, నువ్వు చెప్పినట్టే చెప్తానన్నాడు.

డాక్టరమ్మ గదిలో తల దించుకుని అన్నీ వరసగా అప్పజెప్పాడు. భార్య అనుకున్నట్టే జరుగుతోంది, ఆవిడ సంతోషించాలి. కానీ పక్కన కూర్చుని వింటుంటే ఎవరో పరాయి మనిషి మాట్లాడుతున్నట్టనిపించింది.

బస్సు దిగినప్పుడు ఏమనిపించిందని డాక్టరమ్మ అడిగింది.

"దిగింది నేను కాదండీ," అన్నాడాయన మెల్లగా. "నా జబ్బు."

డాక్టరమ్మ కలం అందుకుంది.

"రాయకండమ్మా," అంది ఆవిడ. "ఇవన్నీ నేను నేర్పిన మాటలు. ఆయనకే జబ్బూ లేదు. దిగాలనిపించి దిగారు, అంతే."

అలాగే రాస్తే ఉద్యోగం పోతుంది, తెలుసా అని అడిగింది డాక్టరమ్మ.

"తెలుసండీ." అందావిడ. "పోతే పోనివ్వండి. ఆ బస్సు దిగింది మా ఆయనే. ఆయన్ని లేకుండా చేసుకుని, ఆ ఉద్యోగంతో నేనెవరితో కాపురం చెయ్యను?"

ఆయన డాక్టరమ్మ ముందే భార్య చెయ్యి పట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.