పికప్ మార్చమని వచ్చినవాడు

"మీ గిటారుకి ముసలి వేషం ఎవరు వేశారండీ?" అని అడిగింది గిటార్లు బాగుచేసే మేస్త్రి కూతురు, దుకాణంలో బల్ల మీద పరిచిన గుడ్డపై దాన్ని వెల్లకిలా పడుకోబెడుతూ.

లిఫ్టు ఇన్స్పెక్టరు ముఖం చిన్నబోయింది. నెల రోజులుగా ఆ ఎలక్ట్రిక్ గిటారుని చూసుకుని మురిసిపోతున్నాడు అతను. లేత నీలం రంగు. కుడిచెయ్యి ఆనేచోట రంగు అరిగి, లోపలి కొయ్య తేనెరంగులో బయటపడింది. పైపూత నిండా వెంట్రుకల్లాంటి సన్నని బీటలు. మరలకి తుప్పు. తెల్లగా ఉండాల్సిన ప్లాస్టిక్కు పండుటాకులా పసుపు తిరిగింది. వెనకవైపు బెల్టు ఒరుసుకున్నట్టు అరచెయ్యంత మేర పెచ్చు ఊడింది. ఎవరో మహానుభావుడు నలభై ఏళ్లు వాయించి, చేతులు కడుక్కుని ఇచ్చినట్టుంటుంది. నిజానికి అది పోయినేడాది ఫ్యాక్టరీలో పుట్టింది. ఆ అరుగుళ్లూ తుప్పూ అన్నీ కావాలని పెట్టినవే. ఆ సంగతి అతనికీ తెలుసు, తెలిసే కొన్నాడు.

"వేషమైతే ఏమండీ, బాగుంది కదా," అన్నాడు.

"బాగానే వేశారు. కాకపోతే చెయ్యి ఆనేచోట ఇంత అరిగినప్పుడు, వేళ్లు నడిచే ఫ్రెట్లు ఇంత కొత్తగా మెరవకూడదు. తాతగారికి పాలపళ్లు వచ్చినట్టుంది." తీగల కింది లోహపు గీతల మీద గోటితో టకటకమని కొట్టి చూపించింది.

అతను ఉన్నమాటే చెప్పాడు. "కొత్తదైతే మొదటి గీత ఎప్పుడు పడుతుందోనని బిక్కుబిక్కుమంటూ కూర్చుంటానండీ. దీనికైతే పడాల్సినవన్నీ ముందే పడిపోయాయి."

ఆమె నవ్వు సగంలో ఆగింది. అప్పుడు తలెత్తి మనిషిని సరిగ్గా చూసింది.

భయం అతనికి పుట్టుకతో వచ్చిన చుట్టం. చిన్నప్పుడు ఉరుమంటే భయం, పెద్దయ్యాక ఫోను మోగితే భయం. అలాంటివాడికి తగిన ఉద్యోగమే దొరికిందని వాళ్లమ్మ అంటుంటుంది. ఊళ్లో లిఫ్టులన్నీ ఏడాదికోసారి పరీక్ష చేసి, జనం ఎక్కవచ్చని సంతకం పెట్టాలి. ఆ సంతకం పెట్టే ముందు నాలుగుసార్లు చూస్తాడు, అయిదుసార్లు వింటాడు. ఆ పనిలో కళ్లకంటే చెవులే ముందు. బేరింగు అరుగుతున్నా, బ్రేకు రాసుకుంటున్నా కంటికి కనబడే లోపలే చెవికి తెలుస్తుంది.

అతను దుకాణానికి వచ్చిన పని వేరు. గిటారు సన్నతీగలు దుప్పటి కప్పుకుని పాడుతున్నట్టు వినబడుతున్నాయి. పికప్‌లు పాడయ్యాయేమో, మార్చాలేమో చూడమన్నాడు. పికప్ అంటే తీగల కింద ఉండే అయస్కాంతపు చుట్ట. తీగ వణుకుని పట్టి యాంప్లిఫయరుకి పంపేది అదే.

మేస్త్రి కూతురు మూడు పికప్‌లకీ మీటరు పెట్టి చూసింది. తీగచుట్టలు బాగున్నాయి, అతుకులు బాగున్నాయి. వంక పెట్టడానికేమీ లేదని చెప్పింది. అతను వినలేదు. సరేనని మరలు రెండు చుట్లు తిప్పి, చివరి పికప్‌ని తీగలకి దగ్గరగా లేపి వాయించింది. గాజుమీద చెంచాతో కొట్టినట్టు ఖంగుమంది. అతను తల పక్కకి వంచి విని, కాస్త నయమన్నాడు. మాటలో నమ్మకం లేదు.

లోపలి గదిలో గిటారు మెడకి ఉప్పుకాగితం పడుతున్న మేస్త్రి ఒకసారి తలెత్తి చూశాడు. ఆయన చెవి వెనక చిన్న వినికిడి మిషను ఉంది.

వారం తిరక్కుండా అతను మళ్లీ వచ్చాడు. ఈసారి ఆమె నాలుగు పికప్‌లు తెచ్చి, కంసాలి నగలు చూపినట్టు వరుసగా పెట్టింది. ఒకటి మెత్తనిది, ఒకటి గట్టిది, ఒకటి మధ్యరకం, చివరిది మహా పదునైనది. అతను పదునైనదే కావాలన్నాడు. అది వేస్తే ఇంట్లో గాజుగ్లాసులు కూడా తిట్టుకుంటాయని ఆమె హెచ్చరించింది. అయినా అదే అన్నాడు. ఆమె పాతది ఊడదీసి కొత్తదానికి టంకం పెడుతుంటే బయట వాన అందుకుంది. వెళ్లడానికి వీల్లేక స్టూలు లాక్కుని కూర్చున్నాడు. లిఫ్టులు పరీక్షించేవాడు కిందికి మాత్రం మెట్ల మీద దిగుతాడని తెలిసి ఆమె పొట్ట పట్టుకుని నవ్వింది. వాన ఎప్పుడు వెలిసిందో ఇద్దరూ గమనించలేదు. గమనించనట్టు నటించారని మేస్త్రి తర్వాత అన్నాడు.

ఆ సాయంత్రం ఇంట్లో వాయించబోతే వాళ్లమ్మ రెండు చెవులూ మూసుకుని వంటింట్లోంచి వచ్చింది.

"ఒరేయ్, పళ్లు జివ్వుమంటున్నాయిరా. ఆపు."

అతనికి ఇంకా దుప్పటిలోంచే వినబడుతోంది. లోపం గిటారుది కాదేమోనని ఒక్క క్షణం అనిపించింది. అమ్మకి సంగీతమంటే ముందునుంచీ పడదని తనకి తానే చెప్పుకుని, ఆ ఆలోచన మీద మూత పెట్టేశాడు.

మూత ఎక్కువ రోజులు ఆగలేదు. తొమ్మిదంతస్తుల భవనం ఒకదాంట్లో లిఫ్టు పరీక్ష చేశాడు. పైన యంత్రాల గదిలో ఎప్పటి అలవాటుగా ఎడమచెవి యంత్రంవైపు పెట్టి పదినిమిషాలు నిలబడి విన్నాడు. అంతా బాగుంది. కాగితం తీసి సంతకం పెట్టబోతుంటే, మెట్లు తుడుస్తున్న ఆవిడ గుమ్మంలోంచి తొంగిచూసి, నాలుగు రోజుల్నుంచీ లోపల ఎలకపిల్ల కీచుమంటోంది, ఎక్కడుందో కనబడలేదా అని అడిగింది. అతనికి ఏ కీచూ వినబడలేదు. యంత్రానికి కుడిచెవి పెట్టి విన్నాడు. అప్పుడు వినబడింది. ఎలకపిల్ల కాదు, బేరింగు. అరిగి అరిగి చివరికొచ్చింది.

సంతకం పెట్టకుండానే కలానికి మూత పెట్టేశాడు. కింద ఆ లిఫ్టు దగ్గర ఇద్దరు ముసలివాళ్లూ, స్కూలు సంచులతో పిల్లలూ ఎక్కడానికి ఎదురుచూస్తున్నారు. లిఫ్టు ఆపించి, తాళం వేయించి మెట్లు దిగాడు. వీధిలోకి వచ్చేసరికి ఒకటే తోచింది. తప్పు ఏదో ఒకదాని మీద పెట్టాలి. ఇంటికెళ్లి గిటారు తీసుకుని నేరుగా దుకాణానికి వెళ్లాడు.

మీరు వేసిన పికప్ కూడా పనికిరాదని వెళ్లీ వెళ్లగానే అన్నాడు. తన చేత్తో పెట్టిన టంకాన్ని అంత మాటన్నందుకు ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. గిటారు లాక్కుని, అతని ఎడమపక్కకి వచ్చి వైరు గుచ్చుతూ, కోపంగానే మెల్లగా గొణిగింది.

"అయితే దీన్ని రేపు పాతసామానుకి అమ్మేద్దామా?"

అతను నవ్వుతూ తలూపాడు.

ఆమె చెయ్యి వైరు మీదే ఆగిపోయింది. ఆ నవ్వు ఆమెకి తెలుసు. ఆ తలూపడం కూడా తెలుసు. అయిదేళ్లు తన ఇంట్లో, నాన్న ముఖం మీద, రోజూ చూసింది.

అతని కుర్చీని తిప్పి, యాంప్లిఫయరు కుడివైపు వచ్చేలా పెట్టి సన్నతీగ మీటింది. శబ్దం సూదిలా దిగింది. కుర్చీని ఈసారి ఎడమచెవి అటు వచ్చేలా తిప్పి అదే తీగ మీటింది. దుప్పటి. మూడోసారి తిప్పబోతే అతను బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు.

"పికప్ బాగుందండీ," అందామె. "ఒకసారి చెవి చూపించుకోండి."

"పని చేతకాకపోతే నా చెవి మీద పెట్టకండి."

గిటారు అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

కోపంతో వెళ్లాడే గాని, మర్నాడు ఒక్క లిఫ్టు ముట్టుకోలేదు. సెలవు పెట్టాడు. చెవి ఆసుపత్రి మెట్లదాకా రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ తిరిగొచ్చాడు. మూడోరోజు మెట్ల మీద నిలబడి, తన నోటితో తిట్టిన మనిషికే ఫోను చేశాడు. లోపలికి వెళ్లలేకపోతున్నానని చెప్పాడు. ఆమె అక్కడే ఉండమంది. పావుగంటలో ఆటో దిగింది. తొందర్లో పని దుస్తుల మీద వేసుకున్న గుడ్డ కూడా విప్పలేదు.

గాజు అద్దం ఉన్న చిన్న గదిలో అతన్ని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టారు. శబ్దం వినబడితే బొత్తాం నొక్కమన్నారు. కుడిచెవికి టకటక నొక్కాడు. ఎడమచెవి వంతు వచ్చింది. మొదట్లో రెండు మూడు వినబడ్డాయి. తర్వాత ఏమీ లేదు. అద్దం అవతల పరీక్ష చేసే అమ్మాయి మీట తిప్పుతోంది, ఇంకా తిప్పుతోంది. తిప్పుతున్నదంటే శబ్దం వస్తున్నట్టే. ఆ శబ్దం తన చెవిలోనే ఉంది. తనకి మాత్రం లేదు. చెమటతో బొత్తాం జారిపోతోంది. అబద్ధంగా నొక్కేద్దామా అనిపించింది. అద్దంలోంచి మేస్త్రి కూతురు రెండు చేతులూ ఒళ్లో బిగించి తననే చూస్తోంది. నొక్కలేదు.

ఏళ్ల తరబడి యంత్రాల గదుల్లో నిలబడ్డందువల్ల ఎడమచెవిలో సన్నశబ్దాల నరం చాలావరకు దెబ్బతిందని డాక్టరు చెప్పాడు. పోయింది తిరిగి రాదు. మిషను పెట్టుకుంటే మాటలు తేలికవుతాయి. ఇంకేమీ లేదని రూఢి చేసుకోవడానికి స్కాన్ తీయాలి. అతను అడిగింది ఒక్కటే.

"కుడిది కూడా పోతుందాండీ?"

జాగ్రత్తగా ఉంటే నిలబడొచ్చన్నాడు డాక్టరు. నిలబడుతుందని అనలేదు.

రెండు రోజులకి స్కాన్‌లో ఏమీ లేదని తేలింది. ఆ రోజే ఆఫీసుకి వెళ్లి తన సంగతి తానే చెప్పేశాడు. మిషను అమర్చి మళ్లీ పరీక్ష పెట్టేదాకా లిఫ్టుల నక్షాలు చూసే బల్ల దగ్గరికి మార్చారు. అంతవరకూ ధైర్యంగానే చేశాడు. దుకాణానికి మాత్రం వెళ్లలేకపోయాడు. ఆమె రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తలేదు. గిటారు సిద్ధంగా ఉందని మెసేజ్ పెడితే, తర్వాత వస్తానని రాశాడు. రాత్రీ పగలూ ఒకటే లెక్క వేసుకున్నాడు. ఇవాళ ఒక చెవి. రేపు రెండోది. ఒకరోజు ఆమె పక్కనే కూర్చుని ఏదో చెప్తుంది, తను నవ్వుతూ తలూపుతాడు.

పదకొండో రోజు ఉదయం మేస్త్రి వాళ్లింటికే వచ్చాడు. గిటారు తేలేదు, ఉత్తచేతులతో వచ్చాడు. వాళ్లమ్మ ఇచ్చిన మంచినీళ్లు తాగి, కుశలప్రశ్నలన్నీ అయ్యాక అతనివైపు తిరిగాడు.

"అయిదేళ్లు నేను దాచాను బాబూ. పనులు పోతాయని భయం. ఆ అయిదేళ్లూ నా కూతురు పిలిస్తే నేను పలకలేదు. వాళ్లమ్మ పోయిన దగ్గర్నుంచీ నాన్నకి నేనంటే కోపమనుకుంది పిచ్చిపిల్ల. తలుపు చాటున ఏడ్చేదట. అది కూడా నాకు వినబడలేదు."

అతని తల్లి కొంగుతో కళ్లొత్తుకుంది.

"చెవుడుతో బతకొచ్చు. దాచడంతోనే వచ్చింది చిక్కంతా. మా పిల్ల పదిరోజులుగా అన్నం ముందు కూర్చుని లేచిపోతోంది. నువ్వు రానంటే రానని దాని ముఖం మీద చెప్పు. అంతేగాని నాలాగా పలక్కుండా ఉండకు."

ఇద్దరూ కలిసే దుకాణానికి వచ్చారు. మేస్త్రి గుమ్మం దగ్గర చెప్పులు విప్పడంలో కావలసినదానికంటే ఎక్కువసేపు తీసుకున్నాడు.

ఆమె గుమ్మంవైపు వీపు పెట్టి, సన్నని రాగితీగ చుట్ట చుడుతోంది. అడుగుల చప్పుడుకి తల తిప్పలేదు. గిటారు మూలనుందని, తీసుకెళ్లవచ్చని అంది.

అతను వెళ్లి బల్ల పక్కన నిలబడ్డాడు.

"గిటారు కోసం రాలేదు. భయమేసి రాలేదు ఇన్నాళ్లూ. ఇప్పటికే ఇంట్లో ఒకరితో అరిచి అరిచి మాట్లాడుతున్నారు. ఇంకొకణ్ణి తెచ్చి మీ నెత్తిన ఎలా పెట్టను? నాకు మీరంటే ఇష్టం. అందుకే రాలేదు."

రాగితీగ పుటుక్కున తెగింది. ఆమె అటు తిరిగే ఉండి ఏదో అంది.

అతనికి వినబడలేదు. ముఖం మీదికి ఆ పాత నవ్వు దానంతటదే వచ్చేసింది, మెడ కూడా సగం వంగింది. అక్కడ ఆపుకున్నాడు.

"వినబడలేదండీ. మళ్లీ చెప్పండి."

ఆమె ఇటు తిరిగింది. కళ్లనిండా నీళ్లున్నాయి. మళ్లీ చెప్పింది గాని, ఏడుపులో మాట నలిగిపోయింది.

"ఇంకోసారి," అన్నాడు అతను.

"నువ్వంటే నాకూ ఇష్టమే, అరవాల్సి వస్తే జీవితాంతం అరుస్తానంటున్నాను," అని ఆమె దుకాణమంతా వినబడేలా చెప్పింది. చెప్పాక తనే ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గుమ్మంలో మేస్త్రి చెవి వెనక మిషను సర్దుకున్నాడు.

"నాకు రెండోసారికే వినబడిందమ్మా. మధ్యాహ్నం అబ్బాయి వాళ్లమ్మగారు మాట్లాడ్డానికి వస్తానన్నారు. ఆ బల్ల కాస్త మనుషులు కూర్చునేలా సర్దండి."

ఆయన లోపలి గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. అతను వంగి నేలమీది తీగముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. సన్నని రాగితీగ చేతికి చిక్కడం లేదు. ఆమె అది చూసింది. తనూ కింద కూర్చుని ఏరసాగింది.