ఓబన్న షెడ్డులో గీకే చప్పుడు

క్యాతగానచెర్లు దాటినాక, సోలార్ ప్యానెళ్ల కంచెను ఆనుకొని ఓబన్న ఇల్లు, ఇంటికి అతుక్కొని ఆయన షెడ్డు ఉండాది. పొద్దు మునిగితే ఆ పక్కకు ఎవరూ పోరు. ప్యానెళ్లు కడిగే కూలోళ్లు సైతం చుట్టు తిరిగి పోతారు. ఓబన్న పోయి ఏడాదైనా, లోపల ఆయన కట్టె గీకే చప్పుడు వస్తాదంట... గర్... గర్... అని.

నేను విన్నది చెప్తాండా. నమ్మేదీ మానేదీ మీ ఇష్టం.

ఓబన్న తుపాకులకు కట్టె బిగించే వడ్లాయన, వడ్రంగి. మూతిలోంచి మందు కూరి పేల్చే పాతకాలం లైసెన్సు తుపాకులు అవి. ఇనప గొట్టం తాతల నాటిదే ఉంటాది, కట్టె మాత్రం చీలిపోతాది. కొత్తది చెయ్యాల. గొట్టానికి దీపం మసి పూసి కట్టెలో పెట్టి తీస్తే, తగిలినచోట నల్లమచ్చ పడతాది. ఆ మచ్చను గీకాల, మళ్లీ పూయాల, మళ్లీ గీకాల, సందు లేకుండా కూచునేదాకా. ఈ ఆఖరు పని ఓబన్న చీకటి పడినాక, తలుపు మూసి చేసేవాడు. పదేండ్లు పక్కనే ఉండి పని నేర్చుకున్న మేనల్లుడు అంజినప్పకు కూడా చూపించలే.

ఓబన్న పోయినాక షెడ్డు అంజినప్ప చేతికొచ్చె. ఆయన చేసిన మొదటి కట్టె మొదటి పేలుడుకే చీలి, ఆ తుపాకి తెచ్చిన రైతు నరసింహప్ప చెంప కోసుకుపోయె. నాలుగు కుట్లు. పాపం మంచి మనిషి, "ఇంకోసారి చెయ్యప్పా" అన్నాడు. ప్యానెళ్ల కింద అడవిపందులు లీజు కట్టకుండా కాపురం పెట్టి, ఆయనకుండే రవ్వంత శెనక్కాయ చేను తవ్వేస్తా ఉండె. వాటిని బెదిరించేకి చప్పుడు కావాల. ఈసారి కూడా చీలితే అంజినప్ప దగ్గరికి తుపాకి తెచ్చేవాడు ఉండడు. ఆయన కూడా ప్యానెళ్లు కడిగేకి పోవాల్సిందే.

తెల్లారితే తుపాకి ఇచ్చేయాల. సాయంత్రం దాకా గీకి గీకి, కుదరక, విసుగొచ్చి తాళం వేసి ఇంటికి పోయినాడు. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుంటా ఉంటే గుర్తొచ్చె — గొట్టం షెడ్డులోనే ఉండాది. లైసెన్సు గొట్టం. ఎవడన్నా ఎత్తుకుపోతే పోలీసు కేసు. చెయ్యి కడుక్కొని బయలుదేరినాడు.

చంద్రుడు లేడు. గాలి లేదు. షెడ్డు దగ్గరికి వస్తానే కాళ్లు ఆగిపోయినాయి.

గర్... గర్...

తాళం వేసింది వేసినట్టే ఉండాది. తలుపు సందులోంచి మాత్రం సన్నగా వెలుతురు.

పారిపోదామనే అనుకున్నాడంట, అబద్ధమెందుకు. కానీ లోపల గీకుతా ఉండేది తాను చేసిన కట్టెను. దెయ్యమైతే మాత్రమేం, ఒక గీటు ఎక్కువ పడితే బతుకు పోయినట్టే. తాళం తీసినాడు.

"మామా..." అన్నాడు గుసగుసగా. "దండం పెడతా, దాన్ని చెడగొట్టొద్దు."

చప్పుడు ఆగింది.

"చెడగొట్టింది నువ్వు," అని జవాబొచ్చె. ఆడ గొంతు.

దీపం ముందర, కట్టె ఒళ్లో పెట్టుకొని కూర్చోనుండేది వెంకటక్క, ఓబన్న పెండ్లాం. ఇంటివైపు తలుపులోంచి వచ్చినాది. మోచేతుల దాకా మసి.

"మసి ఇంత మందంగా పూస్తే అంతా నల్లగానే కనపడతాది. తగలనిచోట కూడా గీకినావు. గొట్టం వెనక సందు పడితే చీలక ఏం చేస్తాది? పలుచని చెక్క అతికించి సరిచేసినా, చూడు."

"నీకెట్లా తెలుసత్తా?"

వెంకటక్క కట్టెను ఒళ్లోంచి దించి పక్కన పెట్టింది.

"మీ మామకు పదైదేండ్ల ముందే చూపు మందగించె నాయనా. అద్దాలు పెట్టినా మచ్చ కనపడేది కాదు. తలుపు ఎందుకు మూసేవాడనుకున్నావు... లోపల గీకేది నేనే." గొంతు ఇంకా తగ్గించింది. "ఎవరికీ చెప్పొద్దు. ఆయన పేరు ఆయనకుండనీ. చేతులు ఊరికే ఉండలేక, నిద్ర పట్టనప్పుడు పాత కట్టెలు గీకుతా ఉంటి. జనం ఏమన్నా అనుకోనీ."

అంజినప్ప అక్కడే చతికిలబడినాడు. భయం పోయి సిగ్గేసిందంట.

తెల్లారి నరసింహప్ప చేనుగట్టున నిలబడి, కుట్లు పడిన చెంపే ఆనించి, కండ్లు మూసుకొని పేల్చినాడు. కట్టెకు గీత కూడా పడలే. పందులు కంచె కింద దూరి పారిపోయినాయి.

కట్టెను తిప్పి తిప్పి చూసి, "ఇది నీ చెయ్యి కాదప్పా," అన్నాడు. "నిజం చెప్పు. ఎవరు చేసినారు?"

గట్టున చేరిన జనమంతా అంజినప్పనే చూస్తా ఉండారు. ఆ గుంపులో వెంకటక్క తల దించుకొని ఉండాది.

"రాత్రి ఓబన్న మామ వచ్చినాడు," అన్నాడు అంజినప్ప. "కండ్లారా చూసినా."

ఎవరూ నవ్వలే. నరసింహప్ప తుపాకిని కండ్లకద్దుకున్నాడు. వెంకటక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చేసింది. పెనిమిటి దెయ్యమైనాడని ఏడుస్తా ఉండాదనుకొని ఊరంతా ఆమెను ఓదార్చినారు.