పహరా పెట్టె

“ఏజెంట్ స్వరూపా, నీకు పన్నెండు దాకే టైముంది.”

ఇయర్‌పీస్‌లో చీఫ్ అమరనాథ్ గొంతు. ధూల్‌పేట్‌లో, కళావతి నడిపే విగ్రహాల కార్ఖానాలో, వినాయకుడి కన్ను దిద్దుతున్న స్వరూప కుంచె ఆగలేదు. పదకొండు రోజులుగా ఆమె మారువేషం అదే. రంగులేసే కూలీ.

‘పహరా’ ఒక సాఫ్ట్‌వేర్. స్కూల్ వ్యాన్‌కు బిగించే పెట్టెలో ఉంటుంది. పిల్లలు ఎక్కడున్నారో తల్లికి చెబుతుంది. ట్రయల్‌గా బిగించిన వ్యాన్ తిరిగేది ఈ ధూల్‌పేట్ గల్లీల్లోనే. తమది ఓపెన్ సోర్స్ అంటోంది కంపెనీ. కోడంతా నెట్‌లో పెట్టాం, ఎవరైనా చూసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని. పన్నెండుకు పాతబస్తీ వ్యాన్లన్నిటికీ ఈ పెట్టెలు బిగించే ఆర్డర్ మీద సర్కారు సంతకం. కానీ పిల్లల వివరాలు కొనే విదేశీ ముఠా ఒకటి వెనక ఉందని సమాచారం. ఏ పిల్ల ఏ గల్లీ మలుపులో ఒంటరిగా దిగుతుందో వాళ్ళకు తెలిస్తే?

ఫోన్ వణికింది. అమ్మ. ఎత్తలేదు. అమ్మ పుష్పమ్మ పక్క గల్లీలోనే ఉంటుంది. కూతురు ఢిల్లీలో గుమస్తా అనుకుంటోంది. సాయంత్రం అమ్మ పెట్టే తిరగమోత వాసన కార్ఖానా దాకా వచ్చేది. స్వరూప బన్ను తిని పడుకునేది.

“తొండం ఎటు?” గుమ్మంలో సెంటు వాసన.

“ఎడమకు.”

సంకేతం కలిసింది. మనస్విని. పహరా కంపెనీలో పనిచేస్తున్న మన మనిషి. నల్లకళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్.

“ఎనిమిది రోజులు వాళ్ళ కోడ్ చదివావు. లైసెన్స్ కరెక్టు. కోడ్‌లో దొంగ లైను ఒక్కటీ లేదు. క్లీన్ అని పంపేయ్, డియర్.”

నిజమే, లేదు. స్వరూప వేలు ఫోన్ మీదకు వెళ్ళింది.

అప్పుడే కళావతి లొల్లి మొదలైంది. “ఒక్క అచ్చుల పోసిన బొమ్మలన్నీ ఒక్క తీరే రావాలె. గీ చెవి ఏంది గింత లావున్నది? తర్వాత ఎవడో చెయ్యి పెట్టిండు!”

వేలు ఆగింది. ఇన్ని రోజులూ తను చదివింది అచ్చునే. బొమ్మను చూడనే లేదు.

ట్రయల్ వ్యాన్ నుంచి విప్పి తెచ్చిన పెట్టె రంగు డబ్బాల వెనక ఉంది. నెట్‌లోని కోడ్‌తో లాప్‌టాప్‌లో తనే సాఫ్ట్‌వేర్ తయారుచేసి, పెట్టెలోదానితో పోల్చింది. రెండూ ఒకేలా ఉండాలి. లేవు. పెట్టెలో ఒక ముక్క ఎక్కువ. దాని కోడ్ నెట్‌లో ఎక్కడా లేదు. ప్రతి పిల్ల దిగే చోటునీ అది విదేశీ సర్వర్‌కు పంపుతోంది.

11:57.

“చీఫ్, ఆపండి...” ఇయర్‌పీస్‌లో గరగర. మనస్విని లిప్‌స్టిక్ మూత తిప్పి నవ్వుతోంది. అది సిగ్నల్ ఆపే జామర్!

“ఇక్కడ నీకెవరున్నారు స్వరూపా? ఎవరు వింటారు?”

“నేనున్న గద!” కళావతి ఆ లిప్‌స్టిక్ లాక్కుని ప్లాస్టర్ బకెట్‌లో ముంచేసింది. “పని కాడ గీ సోకులేంది?”

గరగర ఆగింది. 11:59.

“ఓపెన్ సోర్స్ కాదు చీఫ్! పెట్టెలో దొంగ ముక్క ఉంది. సంతకం ఆపండి!”

12:00.

“ఆపించాం. పెన్ను కాగితం మీదే ఉండె.”

మనవాళ్ళు వచ్చి మనస్వినిని జీపెక్కించారు. కళావతి భోజనానికి వెళ్ళింది. కళ్ళు దిద్దని వినాయకుల మధ్య స్వరూప ఒక్కతే మిగిలింది. ఫోన్ మళ్ళీ వణికింది. ఈసారి ఎత్తింది.

“ఏందే, పదకొండు దినాలాయె! పానం మంచిగున్నదా? యాక్సిడెంట్ గిట్ల అయిందా?”

“ఏం లేదమ్మా. ఢిల్లీల మస్తు పనుండె.”

విగ్రహాన్ని తీసుకెళ్తున్న బ్యాండు కార్ఖానా ముందుకొచ్చింది.

“గా బ్యాండు ఇప్పుడే మన గల్లీలకెళ్ళి పోయింది. గిప్పుడు నీ ఫోన్ల మోగుతున్నది. అన్నం పెడుతున్న, రా.”

స్వరూప ఇయర్‌పీస్ నొక్కింది.

“చీఫ్, నా లొకేషన్ లీకైంది.”

“ఎవరికి?”

“అమ్మకు,” అంటూ చెప్పులు వేసుకుంది.