తొంభై ఆరు మార్కుల కెమెరా

"బూట్లు విప్పి రండి."

మహిమ ఆ మాట అనేసరికి, కల్లంలోకి ఒక కాలు పెట్టిన మనిషి రెండో కాలు గాల్లోనే ఆపేశాడు. మెడలో పెద్ద కెమెరా, భుజాన రెండు సంచులు, చంకలో మడిచిన తెల్ల గొడుగు. పెళ్ళివారింటికి పోబోయి దారి తప్పినట్టున్నాడు.

"మీరెవరండీ?" అన్నాడు.

"నేనెవరైనా కాయ మీదకి బూట్లతో రాకూడదండి. రేపు అది ఎవరో ఒకళ్ళ అన్నంలోకి పోయేది."

అతను కిందికి చూశాడు. అరెకరం మేర ఎండబెట్టిన మిరపకాయలు, నేల కనపడకుండా ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. మారుమాట లేకుండా బూట్లు విప్పి గట్టు మీద పెట్టాడు. ఎడమ సాక్సుకి బొటనవేలి దగ్గర చిల్లు. మహిమ చూసింది. ఆమె చూసిందని అతనూ చూశాడు.

అతని పేరు శ్యామ్ సుందర్. పర్చూరులో స్టూడియో. ఈ ఏడాది ఊళ్ళో ఆడవాళ్ళ రైతు సంఘం సొంతంగా కారం పట్టించి పాకెట్లలో అమ్మాలనుకుంది. పాకెట్ మీదకి ఒక ఫొటో కావాలి. సంఘం ప్రెసిడెంటు కొండమ్మ పర్చూరు నుంచి అతన్ని పిలిపించింది. పిలిపించి ఊరుకోకుండా, "నువ్వూ తియ్యి అమ్మాయ్. ఏది బాగుంటే అది ఏద్దాం" అని మహిమతోనూ చెప్పింది.

మహిమకి ఇది ఉత్త ఫొటో కాదు. డిగ్రీ అయిపోయింది. తండ్రి యేసుపాదం చర్చిలో పెద్ద, ఒకసారి మాట అంటే అన్నట్టే. ఒంగోలులో ఒక బడిలో టీచరు ఉద్యోగం మాట్లాడి ఉంచాడు. "ఆ పాకెట్ మీద నీ ఫొటో పడితే కెమెరానే పట్టుకో, నేనడ్డం రాను. పడకపోతే జూన్‌లో బడికి పోవాల" అన్నాడు.

మేనత్త కూతురు హెలెన్ వాడి వదిలేసిన పాత కెమెరా ఆమెది. పట్టుకునే చోట రబ్బరు ఊడిపోతే సైకిల్ ట్యూబు ముక్క అంటించుకుంది.

శ్యామ్ సుందర్ దాన్ని చూసి ఉండబట్టలేకపోయాడు. "సెన్సార్ స్కోర్ ఎంతండీ దీనికి?"

"అంటే?"

"లోపల బొమ్మ పట్టే ముక్క ఉంటుంది కదా, సెన్సార్. దాన్ని టెస్ట్ చేసి మార్కులు వేస్తారు. నాదానికి తొంభై ఆరు." ఫోన్‌లో వెతికి, పేషెంటు బంధువులకి డాక్టరు చెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "మీదానికి అరవై మూడు."

"పాసయిందిగా."

"అలా కాదండి..."

"నాకు టెన్త్ సైన్స్‌లో తొంభై ఆరు వచ్చాయండి. ఇంట్లో ఫ్యూజు పోతే ఇప్పటికీ మా నాన్నే వేస్తాడు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఘాటు లోపలికి పోయింది. వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు.

"మా పర్చూరు పొగాకు ఘాటులో పుట్టి పెరిగానండి నేను" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

"పొగాకు మర్యాద తెలిసింది. ఇది అట్టా కాదు."

తుమ్ములు ఆగాక అతను సంచిలోంచి ఒక స్ప్రే సీసా తీశాడు. కాయల మీదకి వంగి మూత తిప్పుతున్నాడు. ఏం చేయబోతున్నాడో మహిమకి అర్థమైంది. పండ్ల ఫొటోలు తీసేవాళ్ళు నీళ్ళు చల్లి నిగనిగలాడిస్తారు. కానీ ఎండిన మిరపకాయకి చుక్క నీరు తగిలితే బూజు. తడిసినట్టు ఫొటోలో కనపడినా చాలు, తూకం కోసం నీళ్ళు కొట్టారని ఊరూరా అంటారు.

అప్పటికే కొండమ్మ చూసేసింది. "ఏందయ్యా ఆ నీళ్ళు? కాయ మీద కొడతావా ఏంది?"

అతని మొహం పాలిపోయింది. నీళ్ళు కాయకేనని మహిమ ఒక్క మాట అంటే చాలు, ఇవాళే బూట్లు వేసుకుని వెళ్ళిపోతాడు, పోటీ అయిపోతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు.

"కాయకి కాదు పెద్దమ్మా. ఘాటుకి మొహం మండుతుందని తెచ్చుకున్నారు."

కొండమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "అయితే కొట్టుకోమను."

శ్యామ్ సుందర్ గట్టు ఎక్కి, కళ్ళు మూసుకుని, సీసా తన మొహానికే తిప్పుకుని బుస్సుమని కొట్టుకున్నాడు. మూడుసార్లు. కల్లమంతా ఆడవాళ్ళ నవ్వు.

వెళ్ళేటప్పుడు మహిమ దగ్గర ఆగాడు. "ఎందుకు కాపాడారు? నేను పోతే మీకే కదా మంచిది."

"గెలిస్తే ఫొటోతో గెలవాలండి. సీసాతో కాదు."

ఆ రాత్రి అతనికి నిద్ర పట్టిందో లేదో గానీ, నాలుగో రోజు రెండు ప్రింట్లు పట్టుకుని వచ్చాడు. ఒకే బుట్ట, ఒకే మధ్యాహ్నం, ఒకే చోటు నుంచి తీసినవి. ఒకటి తొంభై ఆరు, ఒకటి అరవై మూడు. మహిమ ఫొటో ముందురోజు ఆమె దగ్గరే అడిగి తీసుకెళ్ళాడు.

"వెనక పేర్లు రాశాను. ఎవరికైనా చూపించండి" అన్నాడు.

యేసుపాదం అప్పుడే వచ్చాడు. కౌలుకి చేసిన రెండెకరాల కాయ అదే కల్లంలో ఎండుతోంది. రెండు ఫొటోలూ చాచి పట్టుకుని చూశాడు. ఒకటి పైకెత్తాడు.

"ఇదీ ఫొటో అంటే. తొడిమలు కూడా లెక్కపెట్టొచ్చు. చూడు మహిమా, పెద్ద మిషన్ అంటే ఇట్టా ఉండాల."

శ్యామ్ సుందర్ దాన్ని మెల్లగా వెనక్కి తిప్పాడు. 'మహిమ' అని ఉంది.

యేసుపాదం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎండలో ఎవరు తీసినా వస్తదిలే" అన్నాడు.

"అది నిజమేనండి" అన్నాడు శ్యామ్ సుందర్ మహిమతో. "వెలుతురు తగ్గితే మాత్రం తేడా తెలిసిపోతుంది. మీది ఇసక చల్లినట్టు వస్తుంది."

ఆ మాట పైవాడు విన్నాడో ఏమో, పడమట మబ్బు లేచింది.

మార్చి నెలలో రావాల్సిన వాన కాదది. చూస్తుండగానే మిట్టమధ్యాహ్నం దీపాలు పెట్టే వేళలా మారింది. ఎవరో "పట్టలు, పట్టలు" అని కేక వేశారు. టార్పాలిన్ పట్టల కోసం అందరూ పరుగు. మహిమ ఒక కొస పట్టుకుంది. రెండో కొస ఎవరు పట్టుకున్నారో చూస్తే శ్యామ్ సుందర్, ఒట్టి కాళ్ళతో.

"మీ కెమెరా?"

"ఆటోలో పెట్టేశా. లాగండి."

చివరి పట్ట పరిచేసరికి చినుకులు దబదబా మొదలయ్యాయి. గాలి ఒకటి, పట్టని పైకి లేపేస్తోంది. రాళ్ళు చాల్లేదు. కొండమ్మ చూసింది, చూసింది, చీర చెంగు బొడ్లో దోపుకుని ఆ పట్ట అంచు మీద అడ్డంగా పడుకుంది. రెండు చేతులూ చాపి, పొట్టేలుని అణిచిపట్టినట్టు. వాన మొహాన కొడుతుంటే, పళ్ళు లేని నోటితో నవ్వుతోంది. అంచు కింద నుంచి ఒక గుప్పెడు ఎర్రకాయలు, పొడిగా, తొంగి చూస్తున్నాయి.

మహిమ పాకలోకి పరిగెత్తి, బియ్యం సంచిలో చుట్టిన కెమెరా తెచ్చింది. గుమ్మంలో ఆగిపోయింది.

"ఈ చీకటికి నాది పనికిరాదండి. మీరు మీది తెచ్చుకోండి."

అతను రోడ్డు మీద ఆటో వైపు చూశాడు. కొండమ్మ వైపు చూశాడు.

"నేను వెళ్ళొచ్చేలోపు ఆవిడ లేచేస్తుంది. మీ చేతిలో ఉంది కదా. తియ్యండి."

తెల్ల గొడుగు టప్పున విప్పి ఆమె మీద, ఆ అరవై మూడు మార్కుల కెమెరా మీద పట్టాడు. తనకి అంగుళం కూడా మిగుల్చుకోలేదు. జుట్టులోంచి నీళ్ళు కారి ముక్కు చివర వేలాడుతున్నాయి. అంత వానలోనూ మహిమ ఒక్క క్షణం అటు చూసింది. తర్వాత కొండమ్మ వైపు తిరిగి నొక్కింది.

ఆదివారం ఆరాధన అయ్యాక రైతు సంఘం గదిలో అందరూ కూడారు. గోడకి రెండు ఫొటోలు. శ్యామ్ సుందర్‌ది అద్దంలా ఉంది, ఒక్కో కాయా పేరు పెట్టి పిలవచ్చు. మహిమది వానలో కొండమ్మ. దగ్గరికి వెళితే నిజంగానే ఇసక చల్లినట్టుంది.

"ఇదేందమ్మా, గరగరలాడతా ఉంది" అన్నాడు యేసుపాదం. కోపంగా కాదు, జాలిగా. మహిమకి ఒంగోలు బడి గంట వినపడింది.

శ్యామ్ సుందర్ లేచాడు.

"ఆ గరగర ఉందండి, నేను కాదనను. మార్కులు అబద్ధం కాదు. దీన్ని గోడంత బ్యానర్ వేస్తే నాది గెలుస్తుంది. కానీ మనం వేసేది బ్యానర్ కాదు." సంచిలోంచి రెండు పాకెట్లు తీశాడు. రెండు ఫొటోలూ పాకెట్ సైజులో తనే ప్రింటు తీసి, అంటించి తెచ్చాడు. కిటికీలో పక్కపక్కన పెట్టాడు. "కొట్లో అరలో ఉన్నాయనుకోండి. మీ చెయ్యి దేని మీదకి పోతుంది?"

అరచేతంత పాకెట్ మీద ఇసక లేదు, గరగర లేదు. ఒక ముసలామె తన పంటని ఒంటితో కాసుకుంటూ నవ్వుతోంది.

కొండమ్మే లేచి తన బొమ్మ ఉన్న పాకెట్ చేతిలోకి తీసుకుంది. "నా మొహం ఉందని అంటంలా. చుక్క నీరు తగలనీకుండా కాసిన కాయ అని తినేవాళ్ళకి తెలవాల. చేతులెత్తండమ్మా."

చేతులన్నీ లేచాయి. శ్యామ్ సుందర్ చెయ్యి అందరికన్నా ముందు. చివరగా, తలుపు దగ్గర నిలబడ్డ యేసుపాదం చెయ్యి. శ్యామ్ సుందర్‌కి లాగే ఆయనకీ ఆ సంఘంలో ఓటు లేదు. అయినా ఎత్తాడు.

"ఒంగోలు వాళ్ళకి ఫోన్ చేసి చెప్తాలే, వేరే టీచర్ని చూసుకోమని" అన్నాడు.

మహిమకి గట్టిగా అరవాలనిపించింది. గది బయటికి వచ్చి అరిచింది కూడా. చెట్టు మీద కాకులు లేచిపోయాయి.

శ్యామ్ సుందర్ బూట్లు వేసుకుంటూ నవ్వాడు.

"ఓడిపోయి అంత సంతోషమేంటండీ మీకు?" అంది మహిమ.

"ఆ ఫొటోకి గొడుగు పట్టింది నేను. సగం నాది." లేస్తూ లేస్తూ అసలు మాట బయటపెట్టాడు. "మహిమగారూ, మూడు రోజుల నుంచి నాలిక చివర పెట్టుకుని తిరుగుతున్నా. ఇక ముందు కూడా నేనే పడతానండి గొడుగు. మీకిష్టమైతేనే."

మహిమ అతని పాదాల వైపు చూసింది. "ముందు ఆ సాక్సు మార్చండి."

"ఇష్టమేనా మరి?"

"చిల్లు సాక్సు వాడితో స్టూడియో బోర్డు మీద నా పేరు కలపనంటున్నాను. మార్చుకున్నవాడితో కలపనన్లేదు."

తలుపు వెనక దగ్గు. యేసుపాదం. "పేర్లు తర్వాత కలుపుకుందురు గాని. వచ్చే ఆదివారం మీ అమ్మానాన్నల్ని తీసుకురావయ్యా. భోజనం ఇక్కడే."

ఇప్పుడు పర్చూరు స్టూడియోలో గోడ మీద అన్నిటికన్నా పెద్ద ఫ్రేము వాళ్ళ పెళ్ళి ఫొటోది. కొండమ్మ తన ఫోనుతో తీసింది. కొంచెం వంకరగా ఉంది, ఒక మూలకి ఆమె బొటనవేలు అడ్డం పడింది, పెళ్ళికొడుకు తుమ్ముతున్నాడు, పెళ్ళికూతురు పగలబడి నవ్వుతోంది. వచ్చినవాళ్ళంతా అదే అడుగుతారు, అట్టాంటిది మాకూ కావాలని.