అవతలి గట్టు మొహం

ఏడోసారి కూడా మస్తాన్ కింద చూశాడు.

అప్పటికి లోయ అంచు దాటి గాల్లో రెండడుగులు వేశాడు. బూట్ల కింద వంద అడుగుల లోతు తప్ప ఇంకేమీ లేదు. ఆ రెండడుగులూ నేల మీద వేసినట్టే వేసి, అలవాటుగా గడ్డం దించాడు, కుడిచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. ఒకటిన్నర సెకను అలాగే నిలబడి, ఆ తర్వాత అంచు కింద కట్టిన వలలో దబ్బున పడ్డాడు. కౌబాయ్ టోపీ మాత్రం ఒక్క క్షణం గాల్లోనే ఆగి, నింపాదిగా దిగి వచ్చి అతని పొట్ట మీద వాలింది.

"మళ్ళీ చూశారు మస్తాన్ గారూ," అంది డాక్టర్ సువర్చల గట్టు మీంచి వంగి.

"నేను చూళ్ళేదు మేడం. నా మెడ చూసింది."

ఆ లోయ కడప జిల్లాలో, పెన్నా నదిలోకి దిగే ఒక గండి. వెడల్పు డెబ్బై అడుగులు. గట్టు మీద చెక్కలతో కట్టిన ఒక కౌబాయ్ ఊరుంది. గుర్రాల సినిమాలు జోరుగా తీసిన రోజుల్లో వేసిన సెట్టింగు అది. ఒక సెలూన్, ఒక జైలు, గుర్రాలకు ఒక నీళ్ళతొట్టి. సినిమాలు ఆగిపోయాక చాలాకాలం మేకలు ఏలుకున్నాయి. ఇప్పుడు సెలూన్‌లో కంప్యూటర్లున్నాయి, జైల్లో బ్యాటరీలున్నాయి, గట్టుకొకటి చొప్పున రెండు ఉక్కు స్తంభాలు గొడుగుల్లాంటి పళ్ళేలు మోస్తూ నిలబడి ఉన్నాయి. వాటి పేరు డిలే లెన్స్.

ఇదేం విడ్డూరమని మీకు అనిపిస్తే తప్పులేదు. సువర్చల చిన్నప్పుడు ఒక బొమ్మల సినిమా చూసింది. అందులో కౌబాయ్ గుర్రాల దొంగ వెంట పరిగెడుతూ కొండ అంచు దాటిపోతాడు. గాల్లో చాలాదూరం పరిగెత్తుతాడు. కింద చూసుకున్నాకే పడతాడు. హాల్లో అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతుంటే ఈ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. చూసేదాకా ఎందుకు పడలేదు అని వాళ్ళ నాన్నను అడిగింది. ఆయన బొమ్మ కదా అన్నాడు. ఆ జవాబు ఆమెకు నచ్చలేదు, ముప్పై ఏళ్ళయినా నచ్చలేదు.

చివరికి తేలింది ఇది. పసిపిల్లాడు పడగానే ఏడవడు. ఎవరైనా చూసి "అయ్యో" అన్నాకే గొంతు విప్పుతాడు. బరువూ ఆ బాపతే. లోతు ఎంతుందో మెదడు కొలుచుకున్నాక ఒక చిన్న తరంగం పుడుతుంది. ఆ తరంగం అందేదాకా డిలే లెన్స్ మనిషి బరువును, చేతిలో ఉన్నవాటితో సహా, ఆపి పట్టుకుంటుంది. కొలవడానికి మెదడుకు పట్టేది ఒకటిన్నర సెకను. కింద చూడని మనిషి ఎంతదూరమైనా నడవవచ్చు. వంతెన కట్టలేని ఏ లోయ దగ్గరైనా రెండు స్తంభాలు పాతితే చాలు.

ఇక మస్తాన్ సంగతి. అతను పందొమ్మిది గుర్రాల సినిమాల్లో హీరోలకు డూప్. కప్పుల మీంచి, గుర్రాల మీంచి, ఒకసారి మండుతున్న బండి మీంచి పడ్డాడు. మూడో సినిమాలో విరిగిన ఎడమ భుజం కుడిదానికంటే రెండంగుళాలు దిగి అతుక్కుంది. అన్నిసార్లు పడినా అతని మొహం తెరమీద ఒక్కసారీ కనపడలేదు. కనపడితే డూప్ ఎందుకవుతాడు? వీపు కెమెరాకు, మొహం గోడకు. ఇప్పుడు ఈ యంత్రం గురించి తీసే సినిమాలో లోయ దాటే మనిషి మొహం దగ్గరగా చూపిస్తారు, ఊరూరా వేస్తారు. యాభై ఆరేళ్ళ మస్తాన్ అందుకే వచ్చాడు. చచ్చేలోపు ఒక్కసారి తన మొహం జనం చూడాలి. అతని కోరికంతా అదే.

కానీ డూపులకు ఒక ఆచారం ఉంది. పడబోయే చోటును చూసి, సలాం పెట్టి, అప్పుడు దూకాలి. ఉస్తాద్ నేర్పిన మొదటి పాఠం అది, ఇన్నేళ్ళూ ప్రాణం కాపాడిందీ అదే. మెడకు పట్టీ బిగించి చూశారు. అతను నడుము దగ్గర్నుంచి వంగి చూశాడు. కళ్ళకు గంతలు కట్టారు. చూడకుండానే లోతు గుర్తుచేసుకుని సలాం పెట్టాడు, పడ్డాడు.

ఎనిమిదోసారికి సిద్ధమవుతుండగా క్యాంటీన్ నాగసుబ్బమ్మ టీ ట్రేతో బయటికొచ్చింది. అవతలి గట్టు మీద ఇద్దరు ఇంజనీర్లు కొలతలు తీస్తున్నారు.

"ఏమయ్యా! పొద్దన నిండుగా ఉన్న చక్కెర డబ్బా ఇప్పుడు సగమయింది. చీమలు తిన్నాయా, మీరు తిన్నారా?"

అలా అడుగుతూ, ఆ ఇద్దరి మొహాల మీంచి చూపు తిప్పకుండా తిన్నగా నడిచింది. గట్టు అయిపోయింది. ఆమె నడక ఆగలేదు. డెబ్బై అడుగుల గాలి దాటి, ట్రే వాళ్ళ ముందు టంగుమని పెట్టి, "చెప్పండి!" అంది.

సువర్చల మోపెడ్ మీద పదకొండు కిలోమీటర్లు చుట్టి తిరిగి అక్కడికి చేరింది. "ఎలా దాటావమ్మా?"

"ఏంది దాటేది? చెక్క పలక ఏసినారనుకుంట్ని."

అంతటితో నడిచే మనిషి నాగసుబ్బమ్మ అయింది. ఆమె దాటాలంటే కోపం రావాలి కాబట్టి నాలుగు రోజులు రోజూ చక్కెర దాచారు. మస్తాన్‌ను అవతలి గట్టుకు పంపారు, ట్రే అందుకోవడానికి. కెమెరా అతని వెనక పెట్టారు. అతనికి ఏడుపొచ్చినంత పనయింది, కానీ పని పనే కదా అనుకుని నిలబడ్డాడు.

ప్రదర్శన రోజు యంత్రం పనితనం చూడ్డానికి వచ్చిన పరిశీలకులు కుర్చీల్లో కూర్చున్నారు. చీర కొంగు బిగించి, కొప్పు మీద కౌబాయ్ టోపీ పెట్టుకుని నాగసుబ్బమ్మ బయల్దేరింది. సగం దూరం వచ్చింది. కింద చూసేవాళ్ళెవరైనా మొదటి నాలుగడుగుల్లోనే చూస్తారని వల అక్కడివరకే కట్టారు. నడిమధ్య వల లేదు.

పరిశీలకుల్లో ఒక పెద్దమనిషికి ఆమె మీద జాలేసింది. మైకు అందుకుని, "అమ్మా, కింద మాత్రం చూడకండి!" అన్నాడు.

"కింద ఏముండాది?" అని ఆమె కింద చూసింది.

ఒకటిన్నర సెకను. మస్తాన్ టోపీ తీసి విసిరేశాడు. రెండు చెవులూ లాగి, కళ్ళు ముక్కు దగ్గరికి తెచ్చి, నాలుక చాపి, గొంతు చించుకున్నాడు. "సుబ్బమ్మక్కా! చక్కెర తిన్నోడు ఈడుండాడు! నన్ను చూడు!"

ఆమె తలెత్తింది. ఆ మొహం చూసింది. "నువ్వా రా!" అని ఒక్క ఊపున వచ్చి ట్రేతో అతని నెత్తిన టంగున కొట్టింది. తర్వాతే వెనక్కి తిరిగి లోయ చూసి కూలబడింది.

సినిమా ఊరూరా ఆడింది. మస్తాన్ మూడుసార్లు చూశాడు. సుబ్బమ్మ మొహం తెర నిండా ఉంది. ముందర ఒక వీపు అడ్డంగా ఉంది, ఎడమ భుజం దిగిన వీపు. మూడోసారి మధ్యలోనే లేచి వచ్చేశాడు.

తర్వాత లోయను జనానికి తెరిచారు. "కింద చూడరాదు" అని బోర్డు పెట్టారు. చదివినవాళ్ళంతా చూశారు. బోర్డు తీసేశారు. అప్పుడూ చూశారు. ఈసారి ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా వల ఉంది కాబట్టి బతికిపోయారు. అవతల పెద్ద తెర పెట్టి సినిమా హీరో బొమ్మ వేశారు. రెండడుగులు వేసేసరికి చూపు జారింది. బొమ్మ మనల్ని చూడదు కదా. తిరిగి చూసే మొహం కావాలి, అది కొంచెం నవ్వించాలి కూడా.

సువర్చల మస్తాన్ ఇంటికి వెళ్ళింది. "మీరే నిలబడాలి."

అలా ఇరవై ఏళ్ళ పరిశోధన వచ్చి ఒక డూప్ మొహం మీద ఆగింది. ఇవతలి ఊళ్ళవాళ్ళు అవతలి ఆస్పత్రికి మూడు నిమిషాల్లో వెళ్తున్నారు. మస్తాన్ మాత్రం రోజూ పదకొండు కిలోమీటర్లు మోపెడ్ మీద చుట్టి వెళ్ళి నిలబడతాడు. అతని మెడ ఇంకా మాట వినదు మరి.

ఒక మధ్యాహ్నం గాజుల గంప ఎత్తుకుని ఒక ముసలామె అతని మొహం చూసి నవ్వుతూ దాటి వచ్చింది. "నిన్ను యాడో చూసినట్టుండాదే నాయనా?"

"చూసుండవు పెద్దమ్మా. సినిమాల్లో చేసినా గానీ మొహం పడలా," అని మస్తాన్ గంప దించి రాయి మీద పెట్టడానికి అటు తిరిగాడు.

"ఆగు. అట్నే నిలబడు," అందామె. చాలాసేపు ఆ దిగిన భుజాన్ని చూసింది. "జైలు కప్పు మీంచి నీళ్ళతొట్లో పడినోడివి నువ్వే గదా! టెంటు హాల్లో చూసినాం. నువ్వు లేచినావో లేదో చూపిచ్చలేదని మాయమ్మ ఇంటికొచ్చినాంక అన్నం ముట్టలా. లేచినావా నాయనా?"

"లేచినా పెద్దమ్మా," అన్నాడు మస్తాన్.

ఎదుటి గట్టు నుంచి బయల్దేరిన పోస్ట్‌మాన్ అప్పటికే గాల్లో నాలుగడుగులు వేసి, "మస్తానన్నా, మొహం!" అని కేక పెట్టాడు.

మస్తాన్ ఇటు తిరిగాడు. చెవులు లాగాడు, కళ్ళు ముక్కు దగ్గరికి తెచ్చాడు. కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. పోస్ట్‌మాన్ విరగబడి నవ్వుతూ దాటి వచ్చి, "ఇంత బాగా ఎప్పుడూ పెట్టలేదన్నా," అన్నాడు.