మూడో మిషను దగ్గర మనిషి

కూర్చోమంటే కూర్చుంది గానీ, లియొనోర్ ఇబార్రా కుర్చీ అంచు మీదనుంచి వెనక్కి జరగలేదు. కింద లాండ్రీ నడుస్తోంది, ఆ చిన్న గదంతా సబ్బు వాసన. ప్రైవేటు డిటెక్టివు ఒఫీలియా బర్రగాన్ కాఫీ కప్పు ఆమె ముందుకు జరిపింది.

కాలిఫోర్నియా దక్షిణ తీరాన ఆ సెరానో రేవులో ఒఫీలియాని ఎరగనివాళ్ళు తక్కువ. పారిపోయిన మొగుళ్ళని వెతికింది, చేపల పడవలో జారిపడ్డ పెళ్ళి ఉంగరాన్ని వెతికింది, ఒకసారైతే ఒక ముసలమ్మ చిలకని కూడా వెతికి తెచ్చింది. ఆ చిలక నెల తిరక్కుండా మళ్ళీ ఎగిరిపోయిందనుకోండి, అది వేరే కథ. ఆమెకి సహాయకుడు నెస్టర్ లుసెరో, సిటీ బస్సు నడిపి రిటైరైన మనిషి. ఒఫీలియా తుమ్మినా అందులో ఏదో తెలివి ఉంటుందని ఆయన నమ్మకం.

"పెద్దాయన డాన్ ఎవరిస్టో పోయాడు కదా, మా పలోమా స్టోర్లో. నా మూడో మిషను దగ్గరే," అంది లియొనోర్. "నేను పక్కనే నిలబడి, చూస్తూ చూస్తూ ఊరుకున్నానంటున్నారు."

ఆ ఊళ్ళో ఏడాది కిందట ఒక రూలు వచ్చింది. కిరాణా కొట్లలోగానీ మందుల కొట్లలోగానీ, జనం తమ సరుక్కి తామే బిల్లు చేసుకునే మిషన్లు పెడితే, మూడు మిషన్లకి ఒక మనిషి కాపలా నిలబడాలి. ఆ మనిషికి ఇంకో పని చెప్పకూడదు. పలోమాలో ఆ మనిషి లియొనోర్.

ఒక్కో మిషనుకీ ఒక కర్ర, కర్ర మీద దీపం. అంతా సరిగ్గా ఉంటే పచ్చగా ఉంటుంది. సంచీ పెట్టే పళ్ళెం మీద అక్కర్లేని బరువు పడితే ఎర్రగా మారుతుంది. అప్పుడు కాపలా మనిషి వచ్చి చూసి, చేతిలోని చిన్న మిషను మీద తన పేరుతో మీట నొక్కితే మళ్ళీ పచ్చబడుతుంది. ఎవరిస్టో గుండె పట్టుకుని పళ్ళెం మీద వాలిపోయినప్పుడు దీపం ఎర్రబడింది. ఎవరో పచ్చ చేశారు. మళ్ళీ ఎర్రబడింది. మళ్ళీ పచ్చ. కంప్యూటరు చిట్టాలో అన్నిసార్లూ లియొనోర్ పేరే.

"మరి నువ్వెక్కడున్నావు?" అనడిగింది ఒఫీలియా.

"దొంగతనాల భయానికి పాలపొడి డబ్బాలకి తాళం వేస్తారు కదమ్మా, ఆ అల్మరా తెరవడానికి మేనేజరు పంపించాడు. ఇప్పుడు నేను పంపలేదంటున్నాడు. ఉద్యోగం పోతే పోనీ. మా ఎదురు వాటాలోనే ఉంటుంది డోన్యా సొకోర్రో, ఎవరిస్టోగారి భార్య. నా పిల్లలకి జ్వరాలొస్తే రాత్రంతా కూర్చున్న మనిషి. మొన్న నన్ను చూసి తలుపేసేసుకుంది." లియొనోర్ కుర్చీ అంచున ఇంకాస్త ముందుకి జరిగింది. "నేనక్కడ లేనని రుజువు చెయ్యండి. అది చాలు."

"ఆ మీట ఎవరు నొక్కారో తెలుసుకోవద్దా?"

"వద్దు."

"చేతి మిషను ఎవరికిచ్చావు?"

"బల్ల మీద పెట్టి వెళ్ళాను," అంది లియొనోర్, కాఫీ వైపు చూస్తూ.

ఆమె మెట్లు దిగాక నెస్టర్ పెదవి విరిచాడు. "నిర్దోషి అయితే దొంగని పట్టుకోమనాలి గానీ, వద్దంటుందేమిటి?"

"మనసుకి దగ్గరవాళ్ళని దాచుకునేటప్పుడు అలాగే అంటారు," అంది ఒఫీలియా. "ముందు ఆమె అడిగింది చేద్దాం."

నెస్టర్‌కి పాత బస్సు రూటు మీద చుట్టాలు లేని వీధి లేదు. పాలపొడి కొన్న పిల్లతల్లిని ఆయనే పట్టుకున్నాడు. ఆమెకి బాగా గుర్తుంది: మైకులో మేనేజరే పిలిచాడు, లియొనోర్ రెండు డబ్బాలు చంకలో పెట్టుకుని తనతో కౌంటరుదాకా నడిచింది.

అక్కడితో కేసు ముగిసిపోవలసిందే. కానీ ఒఫీలియా మర్నాడు పలోమాకి వెళ్ళి, సరుకు కొనేదానిలా తిరిగింది. మిషన్ల పక్కన బల్ల దగ్గర నిలబడింది. ఎవరిస్టో పడ్డ చోటు అక్కణ్ణించి రెండడుగులు. అక్కడున్నవాడు గుడ్డివాడైనా ఆ మూలుగు వింటాడు. తర్వాత ఒకటో కౌంటరు దగ్గర వరసలో నిలబడింది. ఆ కౌంటరు ముందు కూల్‌డ్రింకుల పెట్టెలు నిలువెత్తున పేర్చారు. వాటి మీదుగా మూడు దీపాలు కనిపిస్తున్నాయి. వాటి కింద మనుషులు కనిపించడంలేదు.

ఆ కౌంటరులో కూర్చునేది గ్రసియేలా రూబియో. నోరున్న మనిషి. కాపలా రూలు కోసం నగర సభలో మైకు ముందు నిలబడి కొట్టువాళ్ళ లాయరుని నవ్వులపాలు చేసింది ఆమే. అటువంటి మనిషి ఈ మధ్య ఎవరితోనూ మాట్లాడటంలేదు.

"ఆ రోజు ఏమైనా చూశావా అమ్మాయీ?" అనడిగింది ఒఫీలియా, టమాటాలు ముందుకు పెడుతూ.

"ఈ పెట్టెల గోడ వెనక నేనేం చూస్తాను? దీపాలన్నీ పచ్చగానే ఉన్నాయి," అంది గ్రసియేలా. టమాటాలు తూచకుండానే సంచిలో వేసేసింది.

బయట ఎదురుచూస్తున్న నెస్టర్ ఆ మాట విని తల గోక్కున్నాడు. "పచ్చగానే ఉన్నాయంటుంది. ఎర్రబడ్డాయని కంప్యూటరు చెబుతోంది. ఇద్దరిలో ఒకరు అబద్ధం."

"ఇద్దరూ అబద్ధం చెప్పకపోవచ్చు, నెస్టర్ గారూ. అదే నా భయం."

ఆదివారం పొద్దున, కొట్టు తెరవకముందు, ఒఫీలియా అందర్నీ రప్పించింది. మేనేజరు ట్రాస్క్ వచ్చాడు, చేతులు కట్టుకుని. లియొనోర్ వచ్చింది. నల్లబట్టల్లో డోన్యా సొకోర్రో వచ్చి, లియొనోర్‌కి దూరంగా నిలబడింది. గ్రసియేలాని తన కౌంటరులో మామూలుగా కూర్చోమన్నారు.

"మైకులో పిలిచింది మీరే. విన్నావిడ చేత సంతకం తీసుకున్నాను," అంది ఒఫీలియా ట్రాస్క్‌తో.

ట్రాస్క్ మొహం పాలిపోయింది. "పాలపొడికి ఒకర్ని, మిషన్లకి ఒకర్ని పెట్టమంటే పైవాళ్ళు నా మెడ పట్టుకుంటారు. అయినా చూడండి, రూలుంది, మనిషీ ఉంది. ముసలాయన బతికాడా? ఆ రూలు తీసెయ్యాలని వచ్చే వారం నగర సభలో మా లాయరు అడగబోయేది అదే."

"మనిషి ఉందో లేదో ఇప్పుడు చూద్దాం. లియొనోర్, ఆ రోజులాగే అల్మరా దగ్గరికి వెళ్ళు." ఆ చేతి మిషను ఒఫీలియాయే తీసుకుని, కాస్త పట్టుకోమన్నట్టు గ్రసియేలా పక్కన పెట్టింది. నెస్టర్ నిండు బుట్టతో కౌంటరు ముందుకొచ్చాడు.

"ఈ చీజు మీద తగ్గింపు కూపను ఉందమ్మా."

"ఇది పోయిన నెలది, తాతా."

"నెల మారితే చీజు మారుతుందా? నీకంటే నా బస్సు టిక్కెట్టు యంత్రం నయం, ఎదురు చెప్పేది కాదు."

"అయితే దాని దగ్గరే కొనుక్కో," అంది గ్రసియేలా, సరుకులు గబగబా లాగుతూ. చాలా రోజుల తర్వాత ఆమె మూతి మీద నవ్వులాంటిది కనిపించింది.

పెట్టెల గోడ అవతల ఒఫీలియా మూడో మిషను పళ్ళెం మీద మోచెయ్యి ఆనించింది. దీపం ఎర్రబడింది. గ్రసియేలా కుడిచెయ్యి బీన్సు డబ్బా పట్టుకుని ఉంది. ఎడమచెయ్యి దానంతటదే పక్కకి పోయి, మీట నొక్కి, తిరిగొచ్చి సంచీ అందుకుంది. దీపం పచ్చబడింది. ఒఫీలియా ఇంకోసారి వాలింది. ఎడమచెయ్యి మళ్ళీ వెళ్ళొచ్చింది.

నెస్టర్ మాట మధ్యలో ఆగిపోయాడు.

"ఏమయింది తాతా?" అని తలెత్తిన గ్రసియేలా, అందరూ తన చేతివైపు చూస్తున్నారని అప్పుడు గమనించింది.

ఒఫీలియా నెమ్మదిగా ఇవతలికి వచ్చింది. "లియొనోర్‌ని ఎప్పుడు పిలిచినా, వెళ్తూ వెళ్తూ 'నా చోటు చూస్తుండు' అని ఇది నీకిచ్చి వెళ్తుంది. ఈ కొట్లో అందరూ అందరికీ చేసే సాయమే. రోజుకి వంద ఎర్ర దీపాలు, వందా ఎవరో సంచీ తప్పుగా పెట్టడంవల్లే. నీ ముందు వరస. లేచి చూడ్డానికి తీరికేదీ? చెయ్యి నేర్చేసుకుంది. దీపం పచ్చగానే ఉందని నువ్వన్నది నిజమే. నీ కంటికి అది పచ్చగానే ఉంది."

"ఆ రాత్రి ఇంటికెళ్ళాక తట్టింది," అంది గ్రసియేలా. "నొక్కానేమో అని. గుర్తులేదు. ఒట్టు, గుర్తులేదు. గుర్తులేనిదాన్ని ఏమని ఒప్పుకోను? రూలు తెచ్చిందాన్ని నేనే కదా."

లియొనోర్ అల్మరా దగ్గర్నుంచి వచ్చి నిలబడింది. "నేనడగలేదే నిన్ను," అంది. "అడిగితే చెప్పేస్తావని అడగలేదు."

డోన్యా సొకోర్రో ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత లియొనోర్ దగ్గరికి నడిచి, ఆమె చెంప మీద చెయ్యి వేసింది. "తలుపు నేనే వేశాను," అంది. "నేనే తీస్తాను."

ట్రాస్క్ గొంతు సవరించుకున్నాడు. "అయితే ఇది పనివాళ్ళ తప్పేనన్నమాట."

"మీరు నోరు ముయ్యండి బాబూ," అంది సొకోర్రో, అటు తిరగకుండానే. ఆమె ఒకటో కౌంటరు ముందుకెళ్ళి నిలబడింది. గ్రసియేలా చేతిలో సంచీ పక్కన పెట్టింది.

"నిన్ను క్షమించడానికి రాలేదు. అది నావల్ల అవుతుందో లేదో నాకు తెలీదు," అంది ముసలమ్మ. "వచ్చే వారం సభలో ఈయన లాయరు, అక్కడ మనిషి ఉన్నా లాభంలేదంటాడు. అక్కడ మనిషి లేదని చెప్పాల్సింది నువ్వు. నీ చెయ్యి ఏం చేసిందో కూడా చెప్పాలి."

"నా ఉద్యోగం పోతుంది. జనం నా మొహం చూడరు."

"చూడరు."

గ్రసియేలా ఆ చేతి మిషనుని తన ఎడమచేతికి అందనంత దూరం నెట్టింది. "మైకు ముందు ఏమని మొదలుపెట్టను?"

"ఆయన పేరుతో," అంది సొకోర్రో. "పేపర్లో ఒక వినియోగదారుడు అని రాశారు. ఎవరిస్టో మొంకాదా. ఏదీ, అను."

గ్రసియేలా అంది. మొదటిసారి ఎవరికీ వినిపించలేదు. ముసలమ్మ కదలకుండా నిలబడింది, రెండోసారి వినిపించేదాకా.